ఆరో అంతస్తులో ఉంటేనే క్లాసు

యూనివర్సిటీ పెద్ద బిల్డింగుకి ఎనిమిది అంతస్తులు, కింద ఒక సెల్లారు, అన్నిటికీ కలిపి లిఫ్టు ఒక్కటే. దానికి మామూలు తలుపు లేదు, మడతల ఇనుప గ్రిల్లు. లాగితే గాని మూసుకోదు, మూస్తే గాని కదలదు, కదిలాక పిడి తిప్పితే గాని ఆగదు. అందుకని దానికెప్పుడూ ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి పేరు ఆఫీసు రిజిస్టర్లో ఏముందో గాని, వైస్ ఛాన్సలర్ దగ్గర్నుంచి టీ తెచ్చేవాడి దాకా అందరికీ ఆమె లిఫ్టమ్మే. పొరపాటున ఎవరైనా అసలు పేరు పెట్టి పిలిస్తే, ఎవర్నబ్బా పిలుస్తున్నారు అని ఆమే వెనక్కి తిరిగి చూసేది.

ఇరవై రెండేళ్ళుగా అదే స్టూలు, అదే పిడి, నెత్తిమీద కిరకిరలాడే అదే చిన్న ఫ్యాను. నడుం నొప్పి సరేసరి, దానికి అలవాటు పడొచ్చు. సగం మాటలకి మాత్రం ఆమె అలవాటు పడలేకపోయింది. రెండో అంతస్తులో ఇద్దరు గుమాస్తాలు ఎక్కుతారు. "మరి మీ వదిన ఏమందిట?" అంటాడొకడు. "అనడమేంటి? చీపురు పట్టుకుని సరాసరి వాళ్ళింటికెళ్ళి..." అంటాడు రెండోవాడు. అంతలో నాలుగో అంతస్తు వచ్చేస్తుంది. దిగిపోతారు మహానుభావులు. చీపురు పట్టుకెళ్ళి ఏం చేసిందిరా బాబూ అని వెనక నుంచి అరవలేదు కదా! ఒకసారి ఉండబట్టలేక లిఫ్టు వదిలి వాళ్ళ వెనకాల నాలుగడుగులు వేసింది. ఎనిమిదో అంతస్తు నుంచి ఎవరో కొంపలంటుకున్నట్టు గంట మోగించారు. పరుగెత్తుకొచ్చి మళ్ళీ స్టూలెక్కింది. ఆ చీపురు సంగతి ఈ రోజుకీ తేలలేదు.

ఇలాంటివి ఆమె కడుపులో వేలకి వేలు ఉండిపోయాయి. అన్నిటికీ అడుగున ఉన్నది ఆమె సొంత మొగుడిది.

ఆమెకి ముందు ఆ స్టూలు మీద కూర్చున్నది ఆయనే. ఒక రోజు క్యారియర్ మర్చిపోయి డ్యూటీకి వచ్చేశాడు. నాలుగేళ్ళ కూతుర్ని చంకనేసుకుని ఆమే తెచ్చి గ్రిల్లు సందులోంచి అందించింది. అప్పటికే జనం ఎక్కేశారు, పైనుంచి గంట మోగుతోంది. ఆయన క్యారియర్ అందుకుని, పిడి తిప్పుతూ, "సాయంత్రం వచ్చాక నీకో మాట చెప్పాలి" అన్నాడు. ఇంకా ఏదో అన్నాడు గాని వినపడలేదు. పైకెళ్ళే లిఫ్టులో మనిషి మొహం ముందు మాయమవుతుంది, చెప్పులు ఆఖర్న పోతాయి. ఆమె ఆ చెప్పుల్నే చూసి ఇంటికెళ్ళిపోయింది. మధ్యాహ్నం మూడింటికి ఆయన స్టూలు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. గుండె. ఐదో అంతస్తులో అరగంట సేపు అందరూ ఆయన కునుకు తీస్తున్నాడనుకుని మెట్లెక్కి వెళ్ళిపోయారట. సాయంత్రం అటెండరు ఒకతను ఆయన చెప్పులూ, ఖాళీ క్యారియరూ తెచ్చి ఇంట్లో ఇచ్చి వెళ్ళాడు.

ఏమిటా మాట? ఇరవై రెండేళ్ళుగా ఇంటిల్లిపాదీ దీని మీద పడ్డారు. ఆడపడుచు ఎక్కడో స్థలం కొని ఉంటాడని ఘంటాపథంగా చెప్పేది. అత్తగారు పోయే దాకా, "వాడు నన్ను మీ దగ్గరికి తెచ్చి పెట్టుకుందామని చెప్పాలనుకున్నాడు" అంటూనే పోయింది. కూతురు పెద్దదై మందుల షాపులో ఉద్యోగంలో చేరాక, "నాన్నకి ఎక్కడో ఇంకో సంసారం ఉందేమోనమ్మా" అని ఒక రోజు నవ్వుతూ అంది. లిఫ్టమ్మ నవ్వలేదు. ఆరేళ్ళ కాపురంలో ఆయన ఏదైనా ఉంటే మొహమ్మీద అనేసేవాడే గాని, సాయంత్రం చెప్తానని ఎప్పుడూ వాయిదా వెయ్యలేదు. తనతో వేగలేకపోతున్నానని చెప్పబోయాడేమో అన్నదే ఆమె భయం. ఆ భయం ఎవరికీ చెప్పుకోలేదు. ఆయన ఉద్యోగమే ఆమెకిచ్చారు, ఆయన స్టూలు మీదే కూర్చుని రోజుకి వందసార్లు పైకీ కిందకీ తిరిగింది.

సరే, చదువు సంగతికొద్దాం. ఆ స్టూలు మీదే ఆమె దూరవిద్యలో డిగ్రీ గట్టెక్కింది. ఇంకేం చదవాలనే ఆలోచన లేదు. ఒక రోజు ఆరో అంతస్తులో హిస్టరీ మాస్టారు ఎక్కారు, మొహం వేలాడేసుకుని. ఆయన్ని అందరూ ఆధారం మాస్టారు అంటారు. టీ వేడిగా ఉందండీ అని చెప్పినా, "ఆధారం?" అని అడిగే రకం.

"ఏమైంది మాస్టారూ?"

"ఈ ఏడాది మా ఎమ్మేలో ఒక్కరూ చేరలేదమ్మా. నలభై సీట్లకి సున్నా. ఒక్కరైనా లేకపోతే శాఖ మూసేసి నన్ను తీసుకెళ్ళి హోటల్ మేనేజ్‌మెంటులో కలుపుతారట."

"హిస్టరీ అంటే ఏం చెప్తారండీ?"

"ఏముందీ, జరిగిపోయిన సంగతులు."

"జరిగిపోయినవంటే, చివరికి ఏమైందో తెలిసినవేనా? మధ్యలో దిగిపోవడాలు ఉండవా?"

"రాజులందరూ పోయాక గాని మేం మొదలుపెట్టం కదమ్మా."

ఆ మాటకి ఆమె ప్రాణం చల్లబడినట్టయింది. గ్రౌండ్ ఫ్లోరు వచ్చేలోపు, "నాకో అప్లికేషను తెచ్చిపెట్టండి మాస్టారూ" అంది. మాస్టారు దిగకుండా అదే లిఫ్టులో పైకెళ్ళి అప్లికేషను తెచ్చిచ్చారు. కూతురైతే, "నలభై తొమ్మిదేళ్ళకి హిస్టరీ ఏమిటమ్మా, ఇంకో పదేళ్ళాగు, నీ మీదే పాఠం పెడతారు" అని రెండు రోజులు ఆడిపోసుకుంది. తర్వాత తనే తల్లికి నోటు పుస్తకాలు కొని తెచ్చింది.

చేరడం చేరింది గాని, క్లాసుకి వెళ్ళేదెలా? ఏడో అంతస్తులో డిప్యూటీ రిజిస్ట్రారు ఉంటాడు. భారీ మనిషి, మోకాళ్ళు పనిచేయవు. రోజుకో గంట పర్మిషన్ అడిగితే ఆయన అదిరిపడ్డాడు. "నువ్వు క్లాసులో కూర్చుంటే నేను కిందకెలా దిగాలి? దూకమంటావా?" అన్నాడు. అయిపోయింది, చదువు అక్కడితో సరి అనుకుంది ఆమె.

మర్నాడు పది గంటలకి మాస్టారు పలకా, సుద్దముక్కా, హాజరు పట్టీ, గొడుగూ పట్టుకుని లిఫ్టెక్కారు. ఏ ఫ్లోరండీ అని అలవాటు కొద్దీ అడిగింది లిఫ్టమ్మ. "ఏదైనా పర్లేదు. క్లాసుకొచ్చాను" అన్నారాయన. పలకని గ్రిల్లుకి తగిలించి, పట్టీ తెరిచి, "రోల్ నంబర్ ఒకటి?" అని గట్టిగా పిలిచారు. లిఫ్టులో ఇంకెవరూ లేరు. ఆమె స్టూలు మీంచి లేచి నిలబడి, "ప్రెజెంట్ సార్" అంది.

అలా నెల నడిచింది. చూసి ఓర్వలేని పుణ్యాత్ముడెవరో ఫిర్యాదు చేశాడు. ఆఫీసు నుంచి కాగితం దిగింది. తరగతి అంటే గదిలో జరగాలి, గది అంటే నంబరుండాలి, లిఫ్టుకి నంబరు లేదు గనుక అందులో జరిగింది క్లాసు కాదు, కబుర్లు. మాస్టారు తక్కువ తిన్నారా? నంబరిమ్మని అర్జీ పెట్టారు. అర్జీ అన్ని అంతస్తులూ తిరిగింది, అదీ ఈ లిఫ్టులోనే, లిఫ్టమ్మ చేతి మీదుగానే. ఆఖరికి 6-సి అని నంబరిచ్చారు. పెయింటరొచ్చి లోపల గోడమీద రాసి వెళ్ళాడు. అందరూ సంతోషించారు. వారం తిరక్కుండా ఇంకో కాగితం వచ్చింది. 6-సి అనేది ఆరో అంతస్తు గది గనుక, అది ఆరో అంతస్తులో ఉన్నప్పుడు పిలిచిన హాజరే చెల్లుతుంది. మిగతా అంతస్తుల్లో ఉన్నప్పుడు జరిగే బోధన విహారయాత్ర కిందకి వస్తుంది. విహారయాత్రకి మందుల పెట్టె ఒకటి, తల్లిదండ్రుల అంగీకార పత్రం ఒకటి తప్పనిసరి.

ఆమె అమ్మా నాన్నా పోయి ఎన్నాళ్ళయిందో! కూతురు సంతకం చేసింది. "మా అమ్మను ఒకటో అంతస్తు, రెండో అంతస్తు, తదితర ప్రాంతాలకు తీసుకువెళ్ళడానికి నాకెట్టి అభ్యంతరమూ లేదు" అని రాసి, షాపు నుంచి దూదీ, టించరూ కూడా తెచ్చింది. ఆఫీసువాళ్ళు ఆ కాగితాన్ని కిమ్మనకుండా ఫైల్లో పెట్టుకున్నారు.

యాత్రలు ఎన్నయినా చేసుకోవచ్చు, హాజరు మాత్రం ఆరో అంతస్తులోనే. ఇక చూడండి పాట్లు. ఆరో అంతస్తుకి చేరగానే మాస్టారు, "రోల్ నంబర్..." అనే లోపు కింద ఎవరో గంట కొడతారు. ఎక్కినవాళ్ళు, "పోనీయమ్మా, టైమవుతోంది" అని సణుగుతారు. పరీక్షల కాలంలో అయితే జనం విరగబడతారు, రోజంతా రెండుకీ మూడుకీ మధ్యే సరిపోయేది. అలా ఎన్ని రోజుల హాజరు గాల్లో కలిసిపోయిందో లెక్కలేదు.

పాఠాలు వినేవాళ్ళు మాత్రం పెరిగారు. ఒక రోజు మాస్టారు పాతకాలపు అన్నదమ్ముల కథ ఎత్తుకున్నారు. అన్న రాజు. తమ్ముడు తిరగబడ్డాడు. పట్టుకొచ్చి కోట గోడ మీద నిలబెట్టారు. రాజు దగ్గరికెళ్ళి తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు, అని మాస్టారు అన్నప్పుడు నాలుగో అంతస్తు వచ్చింది. అకౌంట్స్ వాళ్ళు దిగిపోయారు. భుజం మీద చెయ్యి వేశాడంటే తోసేశాడనే కదా అని వాళ్ళు తేల్చేసుకున్నారు. ఏడో అంతస్తు వాళ్ళు ఎక్కే సరికి, ఇద్దరూ కలిసి కూర్చుని భోంచేశారు, అంటున్నారు మాస్టారు. క్షమించేశాడన్నమాట అని వీళ్ళు తేల్చుకున్నారు. మధ్యాహ్నం క్యాంటీన్లో మాట మాట పెరిగింది. మర్నాటి నుంచి నాలుగో అంతస్తు ఫైళ్ళు ఏడో అంతస్తులో కదల్లేదు. జీతాల బిల్లు ఆగిపోయే పరిస్థితి వచ్చింది. ఆ అన్నదమ్ములిద్దరూ ఏనాడో మట్టిలో కలిసిపోయారయ్యా, మీకేమొచ్చింది అని చెప్పేవాడు లేడు.

మొత్తం కథ విన్నది లిఫ్టమ్మ ఒక్కతే. ఆమె దగ్గరికొచ్చి, "నిజం చెప్పు లిఫ్టమ్మా, తోశాడా లేదా?" అని రెండు పార్టీలవాళ్ళూ విడివిడిగా బతిమాలారు. ఆమెకి ప్రాణం లేచొచ్చింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, మిగతా సగం తన దగ్గరుంది! రెండు రోజులు ఊరించి మరీ చెప్పింది. భోంచేశారు, ఆ తర్వాతే తోశాడు.

రెండో ఏడాది ఆఖర్లో పరిశోధన వ్యాసం రాయాలి. అది మూల ఆధారాల మీదే రాయాలని మాస్టారి పట్టు. పాత పత్రాల కోసం ఊళ్ళు తిరగడానికి ఆమెకి వీల్లేదు. మాస్టారు మూడు రోజులు గొడుగు ఊపుకుంటూ ఆలోచించి, ఎదురుగా దారానికి వేలాడుతున్న లాగ్ బుక్కు చూశారు. లిఫ్టు నడిపేవాళ్ళు రోజూ టైమూ, చెడిపోతే చెడిపోయిన సంగతీ రాయాల్సిన పుస్తకమది. చివర రిమార్కులని ఒక గడి ఉంటుంది. ఆ గడిలో లిఫ్టమ్మ ఇరవై రెండేళ్ళుగా ఒకటే రాస్తోంది, "సరిగ్గా ఉంది" అని.

"ఇవి మొదట్నుంచీ ఉన్నాయా?"

"పాతవి సెల్లార్లో ఉంటాయండి, రికార్డు గదిలో."

"ఇంకేం, నువ్వు ఆధారం దగ్గరికి వెళ్ళనక్కర్లేదు. అదే లిఫ్టెక్కి నీ దగ్గరికొస్తుంది. ఈ లిఫ్టు చరిత్ర రాయి."

ఆమె సెల్లారుకి దిగింది. రికార్డు గది గుమాస్తా అక్కడ ముప్ఫయ్యేళ్ళుగా బూజుతో కాపురం చేస్తున్నాడు. "మీ ఆయన పుస్తకాలు కూడా ఉన్నాయి. అబ్బో, ఆ రిమార్కుల గడిలో ఏవేవో గీకి పెట్టేవాడు, చీమ తలకాయంత అక్షరాలు. ఆఖరి రోజు దాకా రాశాడు" అన్నాడు.

లిఫ్టమ్మ గోడ పట్టుకుంది. "ఆఖరి రోజు ఏం రాశాడు?"

"నేనెందుకు చదువుతాను? చదవడం నా డ్యూటీ కాదు."

"ఒక్కసారి చూపించన్నా."

"ఉద్యోగస్థులకి చూపించకూడదమ్మా. పరిశోధన చేసే విద్యార్థులకైతే ఇస్తాం. డెబ్బై ఐదు శాతం హాజరుందని సర్టిఫికెట్ తీసుకురా. త్వరగా తే. సెలవులిచ్చాక పాతవన్నీ కాగితాల మిల్లుకి పోతాయి."

"అన్నా, ఆయన నా మొగుడు."

"అందుకేగా ఇంతసేపు మాట్లాడుతున్నాను" అన్నాడు గుమాస్తా, నిజంగానే బాధపడుతూ. కానీ తాళం తియ్యలేదు.

ఆ రోజు ఆమె లిఫ్టుని మూడుసార్లు ఒక అంతస్తు దాటించి ఆపింది. ఇరవై రెండేళ్ళలో ఎప్పుడూ అలా జరగలేదు. మాస్టారు హాజరు పట్టీ తీసి లెక్క చూశారు. నూట ఇరవై క్లాసులకి తొంభై కావాలి. చెల్లేవి ఎనభై తొమ్మిది. మిగిలింది ఒకే ఒక్క పనిదినం.

ఆ ఆఖరి రోజు చూడాలి! పొద్దున్నించీ సర్టిఫికెట్ల కోసం జనం బారులు తీరారు. ఒక్కసారి కూడా ఆరో అంతస్తులో పట్టీ తెరిచే సందు దొరకలేదు. మాస్టారు మూల నిలబడి నిలబడి రంగు మారిపోయారు. సాయంత్రం నాలుగు దాటింది. ఏడో అంతస్తులో డిప్యూటీ రిజిస్ట్రారు ఒక్కడే ఎక్కాడు.

"కిందకి పోనీ. వైస్ ఛాన్సలర్ గారి అతిథులు గేటు దగ్గర ఎదురుచూస్తున్నారు."

"సార్, ఆరో అంతస్తులో ఒక్క నిమిషం ఆపుతానండి. హాజరొక్కటి..."

"ఆపావంటే మెమో ఇస్తాను."

లిఫ్టమ్మ పిడి తిప్పింది. లిఫ్టు ఆరో అంతస్తుకి వచ్చింది, దాటబోయింది, ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. ఐదుకీ ఆరుకీ మధ్య. ఫ్యాను కూడా ఆగిపోయింది.

"ఏమైంది? ఏమైంది?" డిప్యూటీ రిజిస్ట్రారు గ్రిల్లు పట్టుకుని ఊపాడు.

"ఆగిందండి" అంది లిఫ్టమ్మ.

మాస్టారు మాత్రం కళ్ళు మెరిపించుకుంటూ ముందుకొచ్చారు. గ్రిల్లు సందులోంచి గొడుగు పెట్టి కొలిచారు. "చూడండి సార్, ఆరో అంతస్తు నేల మన మోకాళ్ళ దగ్గరుంది. మోకాళ్ళ కింది భాగం ఐదో అంతస్తు, పై భాగమంతా ఆరు. హాజరు పిలవచ్చునా, కూడదా?"

"ఇదేం తలనొప్పయ్యా? లిఫ్టు సగం అక్కడ, సగం ఇక్కడ ఉంటే ఎలా చెల్లుతుంది?"

"సగం కాదు, ముప్పాతిక. అయినా చదువు తలకెక్కాలంటారు గాని, మోకాళ్ళకెక్కాలని ఎవరైనా అన్నారా? మీ రూల్లో ఏ అవయవం ఆరో అంతస్తులో ఉండాలో రాశారా?"

డిప్యూటీ రిజిస్ట్రారు రూల్సు కంఠతా వచ్చినవాడు. కళ్ళు మూసుకుని మనసులో తిరగేశాడు. అవయవాల ప్రస్తావన ఎక్కడా లేదు. చెమటతో చొక్కా తడిసిపోయింది, మోకాళ్ళు వణుకుతున్నాయి. లిఫ్టమ్మ స్టూలు ఖాళీ చేసి, "కూర్చోండి సార్" అంది. ఆయన ఆ స్టూలు మీద కూలబడి, "పిలువు నాయనా, పిలిచి చావు" అన్నాడు.

"రోల్ నంబర్ ఒకటి?"

"ప్రెజెంట్ సార్!" ఆ గొంతు ఎనిమిదంతస్తులకీ వినపడింది.

డిప్యూటీ రిజిస్ట్రారు సాక్షి సంతకం చేశాడు. సిరా ఆరకముందే లిఫ్టు కదిలింది. ఎలా ఆగిందో ఎలా కదిలిందో మనకెందుకు? గ్రిల్లు మూలనున్న చిన్న పిన్ను మీద మడమ ఆనితే ఏమవుతుందో ఆ బిల్డింగు మొత్తం మీద ఒక్కరికే తెలుసు. లాగ్ బుక్కులో లిఫ్టమ్మ, "4-20కి దానంతట అదే ఆగింది" అని రాసింది. మాస్టారు అది చదివి కళ్ళజోడు పైకెత్తారు.

"ఆధారం?"

"లాగ్ బుక్కేనండి."

"రాసినవాళ్ళకి అబద్ధమాడే అవసరం ఉందా లేదా అన్నది ముందు చూడాలమ్మా. అవసరముంటే నమ్మకూడదు" అన్నారాయన. లిఫ్టమ్మ గ్రిల్లు తుడుస్తూ ఉండిపోయింది.

సర్టిఫికెట్ చూసి గుమాస్తా తాళం తీశాడు. మొగుడి పుస్తకాలు పదకొండు. ఆఖరిది ముందు తెరుద్దామని చెయ్యి చాపి, తియ్యలేకపోయింది. భయం. మొదటిది పట్టుకుంది. వారం రోజులు, ఎక్కేవాళ్ళకీ దిగేవాళ్ళకీ మధ్య, ఒళ్ళో పెట్టుకుని చదివింది. గడి చిన్నది, ఆయన అక్షరాలు ఇంకా చిన్నవి. "లైబ్రరీ ఆయన అత్తగారు మళ్ళీ వచ్చిందట. ఎన్నాళ్ళుంటుందో చెప్పకుండా దిగిపోయాడు." "పెళ్ళి కుదిరిందంది టైపిస్టు. ఎవరితోనో చెప్పే లోపు మూడో అంతస్తు." ఓరి దేవుడా, ఈయనకీ అదే రోగం! ఆరేళ్ళు ఒకే ఇంట్లో ఉండి ఒక్కసారి కూడా ఈ మాట అనుకోలేదే! ఆమె స్టూలు మీద ఒక్కతే కూర్చుని పగలబడి నవ్వింది. "పాపకి జ్వరం తగ్గింది" అని ఒకచోట ఉంది. "ఇంటావిడ కొత్త చెప్పులు కిర్రుమంటున్నాయి. అంటే ఊరుకోదు" అని ఇంకోచోట ఉంది. ఆ చెప్పులు ఆమెకి గుర్తొచ్చాయి. నిజమే, కిర్రుమనేవి.

పదకొండో పుస్తకం ఆఖరి పేజీకి వచ్చినప్పుడు లిఫ్టు సెల్లార్లో ఉంది. అన్ని అంతస్తుల నుంచీ గంటలు మోగుతున్నాయి. మాస్టారు పక్కనే ఉన్నారు.

"9-20. ఇంటావిడ క్యారియర్ తెచ్చింది. నిన్నటి కూరలో ఉప్పు విషం. సాయంత్రం మెల్లిగా చెప్పాలి. ఇప్పుడంటే క్యారియర్ వెనక్కి పట్టుకుపోతుంది."

దాని కింద గడిలో ఇంకొకటి.

"1-45. భోజనమైంది. ఇవాళ ఉప్పు సరిగ్గా ఉంది. ఇక చెప్పక్కర్లేదు."

ఆ కింద గడి ఖాళీ.

లిఫ్టమ్మ రెండుసార్లు చదివింది. స్థలం లేదు, ఇంకో సంసారం లేదు, ఆమెతో వేగలేకపోవడం లేదు. ఉప్పు. ఇరవై రెండేళ్ళు ఉప్పు కోసం ఏడ్చింది. ఆమెకి నవ్వొచ్చింది, నవ్వు మధ్యలో ఏడుపొచ్చింది, రెంటినీ ఆపుకోలేక పైట నోటికడ్డం పెట్టుకుంది. మాస్టారు గొడుగు మూల పెట్టి, ఏం చెయ్యాలో తెలియక, సుద్దముక్కని అటూ ఇటూ తిప్పారు.

కాస్సేపటికి ఆమె తేరుకుని అడిగింది. "మాస్టారూ, ఇది నిజమేనంటారా? నిజంగా సరిపోయిందంటారా, ఊరికే రాశాడంటారా?"

మాస్టారు పుస్తకం తీసుకుని చీమ తలకాయ అక్షరాల్ని దగ్గరగా చూశారు. "ఈ గడి ఎవరైనా చదువుతారని ఆయనకి తెలుసా?"

"ఎవరు చదువుతారండీ! ఇన్నేళ్ళలో నేనే మొదటిదాన్ని."

"ఎవరూ చదవనిచోట మనిషికి అబద్ధమాడే అవసరమేముందమ్మా? అయినా ఒక్క ఆధారం చాలదు. ఇంకేమైనా ఉందా?"

ఆమె ఆలోచించింది. "సాయంత్రం క్యారియర్ ఇంటికొచ్చిందండి. ఖాళీగా వచ్చింది. అడుగున మెతుకు కూడా లేదు."

"అయితే రెండాధారాలు. రెండూ ఒకటే చెబుతున్నాయి. సరిపోయింది, రాసుకో" అన్నారు ఆధారం మాస్టారు. రెండేళ్ళలో ఆయన ఎవరినీ ఇంకేమీ అడక్కుండా నమ్మింది అదొక్కసారే.

వ్యాసం కూతురు టైపు చేసింది. ఆ పేజీ దగ్గరికొచ్చి చాలాసేపు టైపు చప్పుడు ఆగిపోయింది. తర్వాత లేచి వంటింట్లోకెళ్ళి, పనేమీ లేకపోయినా ఉప్పు డబ్బా తీసి చూసి, మళ్ళీ వచ్చి కూర్చుంది.

మౌఖిక పరీక్ష 6-సిలోనే జరిగింది, ఆరో అంతస్తులో, గ్రిల్లుకి తాళం వేసి. బయటినుంచి వచ్చిన పరీక్షాధికారి ఆ పలకనీ, స్టూలునీ, మందుల పెట్టెనీ చూసి నోరు వెళ్ళబెట్టాడు. పేజీలు తిరగేశాడు. ఎన్నిసార్లు చెడిపోయింది, ఎవరు బాగుచేశారు, ఏ అంతస్తుకి రాకపోకలు ఎక్కువ, అన్నీ అడిగాడు. ఆమె నీళ్ళు తాగినంత సులువుగా చెప్పింది. ఆఖరికి, "ఇంత పరిశోధన చేశారు కదా, చివరికి ఏం తేల్చారు?" అన్నాడు.

"మర్నాటికి ఉప్పు సరిపోయిందండి" అంది.

పరీక్షాధికారి మాస్టారి వైపు చూశాడు. మాస్టారు, "ఆధారాలున్నాయి" అన్నారు. పాసైంది.

ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక లిఫ్టమ్మ రోజూలాగే లాగ్ బుక్కు తీసింది. రిమార్కుల గడి దగ్గర పెన్సిలు ఆగింది. ఇరవై రెండేళ్ళుగా రాస్తున్న మాట రాయలేదు. అక్షరాలు వీలైనంత చిన్నవి చేసి, గడి దాటకుండా రాసింది.

"ఆ ముందు రోజు కూర నేనూ తిన్నాను. అందుకే మర్నాడు తగ్గించి వేశాను. మీరు చెప్పక్కర్లేదు."

పుస్తకం దారానికి తగిలించి, ఫ్యాను ఆపి, గ్రిల్లు మూసి ఇంటికెళ్ళింది.